యంత్రములో తెలుగక్షరము



పారలను, గునపములను చేయు కర్మాగారము పేరే ఈ అగ్రికో పేటకును వచ్చినది. పారమీది ముద్ర జంషెడ్‌పూరు విడిచి ఏ యూరికేగినను మారదు. కంప్యూటరున కూర్చిన తెలుగక్షరమునకు మాత్రము ఆ స్థిరత్వము చాలకాలము లేకపోయెను.

కంప్యూటరు అక్షరమునెరుగదు, సంఖ్యనే యెరుగును. 1963లో అమెరికాలో ఏర్పడిన ఆస్కీ పట్టికలో 128 స్థానములే కలవు. అవి ఆంగ్లమునకే సరిపోయెను. 1984లో అడోబి సంస్థ వెలువరించిన పోస్టుస్క్రిప్టు, అక్షరాకృతులను గీతలుగా వర్ణించి, ఏ లిపినైనను చక్కగా అచ్చొత్తు మార్గము చూపినది. అంతట తెలుగు ఫాంటులు చేయువారు ఆంగ్లాక్షరముల స్థానములలోనే తలకట్టులను, గుడులను, కొమ్ములను, వత్తులను అమర్చిరి. కాగితముపై తెలుగు కానవచ్చెను. లోపలనున్నది ఆంగ్లపు సంఖ్యయే. ఆ అమరికయు ఫాంటుకొక తీరు. ఆ ఫాంటు లేని యంత్రమున తెరచినచో పద్యము సైతము పొంతనలేని గుర్తుల గుంపుగా కనబడును.

1991లో భారతీయ ప్రమాణముగా వెలువడిన ఇస్కీ పట్టిక ఈ చిక్కునకు ఒక దారి చూపినది. అందు తెలుగు ‘క’కును, నాగరి ‘క’కును 179 ఒక్కటే సంఖ్య, లిపిని మార్చినచో రూపము మాత్రమే మారును. అదే యేట వెలువడిన యూనికోడు తెలుగునకు ప్రత్యేకముగా 128 స్థానములు కేటాయించినది. అందు ‘క’ సంఖ్య 3093. ‘శ్రీ’ యన్నది కంటికొక్క అక్షరమే యైనను, యంత్రమున శ, పొల్లు, ర, గుడిదీర్ఘము అను నాలుగింటి సంఖ్యల వరుస. వాటిని కలిపి అందముగా చూపుట ఫాంటు పని. ఫాంటు మారినను శ్రీ శ్రీయే.

ఈ విషయము ముద్రాపకులకే చెందినదని తలపరాదు. పిల్లలు బడిలో హిందీ, ఆంగ్లములు చదువు ఈ యూర తెలుగును నిలుపు సాధనములలో సంఘముల సంచికలు ముఖ్యమైనవి. పాత ఫాంటున కూర్చిన సంచిక ఫైలు భద్రముగానే యుండవచ్చును. కాని మనుమడు తాతగారి పేరును తెలుగున టైపు చేసి వెదకినచో ఆ పేరు దొరకదు. పి.డి.ఎఫ్. పుటయు చూపునకు నిర్దుష్టముగనే యుండి, ఏ రూపము ఏ యక్షరమో తెలుపు పట్టిక లోపల లేనిచో, నకలు తీయగనే చెదరిపోవును.

కావున కొత్త రచనలను యూనికోడుననే కూర్చవలెను. పాత ఫైళ్లను, వాటి ఫాంటులు దొరకుచుండగనే, మార్పిడి చేయవలెను. మార్పిడిలో వత్తులు తప్పిపోవుట కద్దు గనుక, అచ్చుప్రతితో పోల్చి దిద్దుటకు తెలుగు బాగుగా నేర్చిన పెద్దలు కావలెను. యువకులు యంత్రము ముందును, పెద్దలు అచ్చుప్రతి చేతబట్టి వారి ప్రక్కనును కూర్చున్నచో, సంచికయు దక్కును, పిల్లలకు అక్షరములును వచ్చును.