నేరము డ్రైవరుదేనా?
(ఉపన్యాస పాఠము)



కార్యాలయములలో పనిచేయువారికి ఒక సంగతి చక్కగా తెలిసినదే. క్రొత్త సర్క్యులరు వచ్చిన మరునాడు, అంతవరకు సాఫీగా సాగిన పని ఎక్కడనో ఒకచోట ఆగిపోవును. సర్క్యులరును ఎన్నిమార్లు చదివినను అందు తప్పు కానరాదు. పాత నిబంధనలోను తప్పులేదు. రెండును కలిసికొన్న చోట మాత్రము చిక్కు పుట్టును. కంప్యూటరు శాస్త్రములో ఇట్టిదానిని రిగ్రెషన్ అందురు. పూర్వపు ప్రతిలో పనిచేసినది క్రొత్త ప్రతిలో చెడుటయే రిగ్రెషన్. 2008వ సంవత్సరములో లినక్స్ కెర్నెలునందు సంభవించిన అట్టి యొక దోషమును, దాని వెదకులాటను గూర్చి చెప్పుటయే ఈ ప్రసంగోద్దేశము. అపరాధ పరిశోధక నవలలు చదువు అలవాటున్నవారికి ఇది రుచించును. ఇందు హత్యలు లేవు గాని బలియైన వస్తువులు కలవు; నేరము మోపబడిన నిరపరాధియు కలడు.

ముందుగా రెండు మాటల అర్థము తెలియవలెను. యంత్రము మీటినది మొదలు ఆపువరకు లోపలి వ్యవహారమంతయు నడుపు మూలక్రమమును కెర్నెలు అందురు. ఇది ఇంటి యజమాని వంటిది. ఏ గది ఎవరికి ఇవ్వవలెనో, ఎవరి వంతు ఎప్పుడో ఇదియే నిర్ణయించును. ఒక్కొక్క పరికరముతో దాని భాషలో మాటలాడుటకు ఈ యజమాని ఉంచుకొన్న దుబాసీయే డ్రైవరు. ముద్రణ యంత్రమునకు ఒక దుబాసీ, తెరకు ఒకడు, ఇతర కంప్యూటర్లతో సంబంధము కలుపు నెట్‌వర్క్ కార్డునకు ఇంకొకడు. లినక్స్ కెర్నెలును 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లండు దేశపు విద్యార్థి ప్రారంభించెను. తరువాత అనేక దేశములవారు దానిని పెంచిరి. మన దేశములో సి-డాక్ సంస్థ రూపొందించిన బాస్ అను వ్యవస్థకును అదియే పునాది.

2008 సెప్టెంబరులో 2.6.27 సంఖ్యగల కెర్నెలు ఇంకను పరీక్షాదశలో ఉండెను. ఉబుంటు, సూసే, మాండ్రివా మొదలగు పంపిణీలవారు తమ తమ రాబోవు ప్రతులలో దానిని చేర్చి, ఉత్సాహవంతులైన వాడుకరులకు పరీక్షార్థము ఇచ్చుచుండిరి. అప్పుడు విపరీతమైన ఫిర్యాదులు రానారంభించినవి. ఇంటెల్ సంస్థవారి ఒక తరహా నెట్‌వర్క్ చిప్పులు ఉన్నట్లుండి పనిచేయుట మానివేయుచున్నవి. యంత్రమును ఆపి మరల నడిపినను ప్రయోజనము లేదు. పాత కెర్నెలునకు మరలినను ప్రయోజనము లేదు. ఆ చిప్పునకు డ్రైవరు పేరు ఈ1000ఈ.

సాధారణముగా కెర్నెలులోని తప్పు ఎంతటిదైనను యంత్రమును తిరిగి ప్రారంభించినచో తొలగిపోవును. మెదడు తిమ్మిరెక్కినవాడు నిద్రలేచి కోలుకొన్నట్లే. ఇక్కడ అట్లు గాదు. ప్రతి నెట్‌వర్క్ చిప్పునకును విద్యుత్తు పోయినను చెరగని చిన్న స్మృతి యొకటి ఉండును. కార్డు తన చిరునామాను, తన గుణములను అందు వ్రాసికొని యుండును. ఆ వ్రాత చెడినదా లేదా యని పరీక్షించుటకు డ్రైవరు ఒక చిన్న లెక్క వేయును: మొదటి 64 పదములను కూడినచో ఒకే నిర్ణీత సంఖ్య రావలెను. పదునారు అంకెల లెక్కలో ఆ సంఖ్యను వ్రాసినచో బి, ఎ, బి, ఎ అను అక్షరములగును. అనగా ‘బాబా’! మన లెక్కలో 47802. ఆ ఇంజనీరులు ఏ బాబాను తలచుకొనిరో గాని, దెబ్బతిన్న యంత్రములలో ఈ కూడిక తప్పుచుండెను. లెక్క సరిపోనిచో డ్రైవరు కార్డును తాకుటకే నిరాకరించును. పైగా ఈ తరహా యంత్రములలో ఆ స్మృతి విడిగా కాక, యంత్రమును మేల్కొలుపు బయాస్ ఉన్న ఫ్లాష్ చిప్పులోనే ఒక భాగముగా ఉండెను. ఇరుగు పొరుగు వాటాల ఇల్లన్నమాట.

ఎవరి నేరము? మొట్టమొదటి అనుమానము సహజముగా డ్రైవరు మీదనే పడెను. ఆ స్మృతిని తాకు అధికారము కలవాడు వాడొక్కడే గదా! కొన్ని పంపిణీలవారు పరీక్షా ప్రతులనుండి ఆ డ్రైవరునే తొలగించివైచిరి. వాడుకరుల కార్డులు కాపాడుటకు అంతకంటె వేరు మార్గము లేదు గాని, నిజ నిర్ధారణకు అది తోడ్పడలేదు. రెండవ అనుమానము తెరపై బొమ్మలు చూపు ఎక్స్ సర్వరు మీదికి పోయెను. చిత్రముల వ్యవస్థ కుప్పకూలిన పిమ్మటనే కార్డు చచ్చినదని కొందరు చెప్పిరి. చిత్రముల డ్రైవరును అప్పుడు విస్తారముగా మార్చుచుండిరి గనుక ఆ మాట నమ్మదగినదిగనే తోచెను.

ఇట్టి దోషమును వెదకుటకు కెర్నెలు పనివారికి ఒక గొప్ప సాధనము కలదు. దానిని బైసెక్ట్ అందురు. నిఘంటువులో పదము వెదకునప్పుడు నడుమ పుట తీసి, ముందా వెనుకా యని నిర్ణయించినట్లు, మంచి ప్రతికి చెడ్డ ప్రతికి మధ్యనున్న మార్పులను సగము చేసి పరీక్షించుచు పోవుట. రెండు ప్రతుల నడుమ సుమారు పదివేల మార్పులున్నను, పదునాలుగు పరీక్షలలో నేరస్థమైన మార్పు తేలిపోవును. కాని ఇక్కడ ఆ బ్రహ్మాస్త్రము చేతిలో నుండియు ప్రయోగింప వెరపు. ఏలయన ‘చెడ్డది’ అని సమాధానము వచ్చిన ప్రతిసారియు ఒక నెట్‌వర్క్ చిప్పు బలికావలెను. పోనీ, బలియిత్తమన్నను దోషము ప్రతిసారి కనబడునది కాదు. కనబడలేదు గనుక మంచిదని చెప్పుటకు వీలులేదు. అబద్ధపు సాక్షి ఒక్కడున్నను బైసెక్ట్ దారితప్పును. ఆ కారణముననే తెలిసినవారు ముందుగా స్మృతిలోని వ్రాతకు నకలు తీసి దాచుకొనుడని వాడుకరులకు హెచ్చరిక చేసిరి.

ఇంటెల్ ఇంజనీరులు ఈలోపల మిక్కిలి వివేకమైన పని యొకటి చేసిరి. దొంగ ఎవడో తేలువరకు కూర్చుండక, ఇంటికి తాళము వేసిరి. డ్రైవరు మేల్కొనగనే ఆ స్మృతిభాగమునందు వ్రాతను నిషేధించునట్లు చిప్పును ఆజ్ఞాపించును. ఒకమారు పడిన తాళము యంత్రమును పూర్తిగా ఆపి తిరిగి నడుపువరకు ఊడదు. 2008 అక్టోబరు 9న 2.6.27 ఈ తాళముతోనే వెలువడెను. డ్రైవరును గాలించినప్పుడు అందు నిజముగనే కొన్ని చిన్న లోపములు కనబడినవి. ఒకేకాలమున ఇరువురు స్మృతిని తాకకుండ తగిన కట్టుబాటు లేదు. వానిని సరిదిద్దిరి. అయినను అసలు నేరము అది కాదు. నిరపరాధి ఇల్లు సోదా చేసినను ఏవో చిన్న తప్పులు దొరకును గదా. అవి దొరకినంత మాత్రాన హత్య రుజువు కాదు. ఈ భేదమును మరువకుండుటయే ఆ ఇంజనీరుల గొప్పతనము.

అసలు దోషి ఎక్కడ? నెట్‌వర్కుతోగాని, చిత్రములతోగాని ఏ సంబంధమును లేని చోట. ఎఫ్‌ట్రేస్ అను క్రొత్త సాధనము 2.6.27లోనే చేర్చబడెను. కెర్నెలులో ఏ పని ఎప్పుడు జరుగుచున్నది, ఎక్కడ ఆలస్యమగుచున్నది అని పరిశీలించుట దాని పని. అనగా దోషములను పట్టుటకు ఏర్పడినదే ఎఫ్‌ట్రేస్. కంచే చేను మేసినదనుట ఇట్టిచోటనే.

అది ఎట్లు జరిగెనో కొంచెము ఓపికతో వినవలెను. కెర్నెలులోని ప్రతి చిన్న క్రమము మొదటను ఎఫ్‌ట్రేస్ కొరకు ఒక పిలుపు ఉంచబడెను. అది ఐదు బైట్ల ఆజ్ఞ. అన్ని పిలుపులును ఎల్లప్పుడు మ్రోగుచుండినచో యంత్రము మందగించును. అందువలన పిలుపు మొదటిసారి వినబడగనే దాని చిరునామాను ఒక పట్టికలో వ్రాసికొనుట, సెకనునకు ఒకసారి ఒక సేవకుడు లేచి, తక్కిన ప్రాసెసరుల నన్నిటిని క్షణకాలము నిలిపి, పట్టికలోని చిరునామాలకు పోయి, ఆ పిలుపును తీసివైచి దాని స్థానమున ‘ఏమియు చేయకుము’ అను ఆజ్ఞను పెట్టుట అను పద్ధతి ఏర్పరచిరి.

డ్రైవరు వంటి మాడ్యూలులలో కొంత భాగము ప్రారంభమున ఒక్కసారి మాత్రమే పనికివచ్చును. పని తీరగనే కెర్నెలు ఆ చోటును ఖాళీ చేయించి వేరొకరికి ఇచ్చును. సర్కారు క్వార్టర్సులో నుండువారికి ఇది తెలియనిది కాదు. బదిలీయైనవాడు ఇల్లు ఖాళీచేయును. ఎస్టేటు వారు మరొకరికి కేటాయింతురు. కాని పాత జాబితాలో అదే ఇంటి నంబరు పాతవాని పేరనే నిలిచియుండును. సేవకుడు జాబితా పట్టుకొని అక్కడకే పోవును. 32 బిట్ల యంత్రములలో మాడ్యూలులకు ఇచ్చు చిరునామాలును, పరికరముల రిజిస్టరులకు ఇచ్చు చిరునామాలును ఒకే పేటలోనివి. ఆ ఖాళీయైన ఇల్లు కొన్ని సమయములలో నెట్‌వర్క్ చిప్పు స్మృతి ద్వారమునకే కేటాయింపబడుచుండెను.

సేవకుడు బుద్ధిహీనుడు కాడు. ఇంటిలో ఉన్నది తాను వెదకు పిలుపేనా యని సరిపోల్చి, కానిచో మార్పు చేయక తిరిగి వచ్చును. అందుచేత పద్ధతి నిరపాయమనియే అందరును తలచిరి. చిక్కంతయు ఆ సరిపోల్చు ఆజ్ఞలో నుండెను. సరిపోల్చుటయు మార్చుటయు ఒకేసారి చేయు ఇంటెల్ ప్రాసెసరు ఆజ్ఞ యొకటి కలదు. పోలిక కుదరనిచో అది ఊరకుండదు. తాను చదివిన విలువనే మరల అక్కడ వ్రాసి వచ్చును. ఇది ప్రాసెసరు గ్రంథములో స్పష్టముగా వ్రాయబడినదే. సామాన్య స్మృతిలో ఉన్న విలువనే మరల వ్రాసినచో ఎవరికిని నష్టము లేదు. పరికరపు రిజిస్టరులో మాత్రము వ్రాత యనగా ఆజ్ఞ. ‘సరిపోలేదు, పోయివత్తును’ అని తలుపు దగ్గర చేతిని ఆనించిన పాపమునకు లోపల మీట నొక్కబడెను. తక్కిన పరికరములకు ఇట్టి పొరపాటు తగిలినను మరల ప్రారంభించినప్పుడు మానిపోయెడిదే. ఈ చిప్పునకు మరపు లేదు గనుక గాయము నిలిచిపోయెను.

దోషము ఒకప్పుడు కనబడి ఒకప్పుడు కనబడకుండుటకును ఇదియే కారణము. ఖాళీయైన ఇల్లు ఎవరికి పోవునో, సెకను ముల్లు ఏ క్షణమున తిరుగునో, ఈ రెంటి కలయికపై చిప్పు ఆయుర్దాయము ఆధారపడి యుండెను.

విషయము తేలిన పిమ్మట ఆలస్యము జరుగలేదు. 2008 అక్టోబరు 15న వెలువడిన 2.6.27.1లో ఎఫ్‌ట్రేస్‌లోని ఈ భాగమునే మూసివైచిరి. దాని నిర్మాత స్టీవెన్ రోస్టెడ్ ఆ పద్ధతిని మార్చి వ్రాసెను. అదే సంవత్సరము డిసెంబరులో వచ్చిన 2.6.28లో పిలుపుల పట్టిక యంత్రము నడుచునప్పుడు గాక, కెర్నెలును కూర్చునప్పుడే తయారగునట్లు చేసిరి. ఒక్కసారి వాడి పారవేయు భాగములలో పిలుపులు పెట్టుట మానిరి. సేవకుని చేతినుండి ఆ సరిపోల్చు ఆజ్ఞను తీసివైచి, ముందు చదువుట, పిదప పోల్చుట, సరియైనచోనే వ్రాయుట అని మూడు పనులుగా విడదీసిరి. ఎఫ్‌ట్రేస్ ఈనాటికిని కెర్నెలులో నిత్యము ఉపయోగపడుచున్నది.

నిందపడిన ఈ1000ఈ డ్రైవరు తిరిగి అన్ని పంపిణీలలోను చేరెను. అపాయకాలమున దానికి వేసిన తాళమును మాత్రము ఎవరును తీయలేదు; అది నేటికిని అట్లే యున్నది.