గుఱ్ఱములకు వచ్చు చంద్రాంధ్యము



గుఱ్ఱములు గ్రుడ్డివగుటకు లోకమున ప్రధానకారణమైన నేత్రవ్యాధి యొకటి కలదు. కంటి నడిమిపొర వాచి, కొన్నాళ్లకు తగ్గి, మరల మరల వచ్చుచుండును. ఇది చంద్రుని వృద్ధిక్షయములను బట్టి వచ్చునని తలచి ఇంగ్లీషువారు దీనిని ‘మూన్ బ్లైండ్‌నెస్’ అనిరి. చంద్రుడు నిరపరాధి. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే కంటిపై తిరుగబడుట దీనికి మూలము. పెక్కు గుఱ్ఱములలో లెప్టోస్పైరా యను సూక్ష్మజీవి ఇందుకు నాంది పలుకును. ఎలుకలు మొదలగు జంతువుల మూత్రము కలిసిన నీటివలన అది సంక్రమించును. అమెరికాలోని అపలూసా యను మచ్చల జాతికి ఈ బాధ మఱింత అధికము.

గుఱ్ఱము ఒక కన్ను మూసికొని నిలుచును. చెంపపై నీటిచార కట్టును. వెలుతురునకు తల త్రిప్పుకొనును. పైరెప్ప వెండ్రుకలు క్రిందికి వాలును. చీకటిలో సైతము కనుపాప విప్పారక సన్నని అడ్డగీతవలె నుండును. ఈగ కుట్టినదనియో, గడ్డిపోచ గ్రుచ్చుకొన్నదనియో యజమాని ఊరకుండును. చూపు పోవుట ఇచ్చటనే ఆరంభము.

నల్లగ్రుడ్డుపై పుండు పడినను ఇంచుమించు ఈ లక్షణములే కనబడును. కావున వైద్యుడు ముందుగా ఫ్లోరెసీన్ రంగును కంటిలో వేసి చూడవలెను. పుండున్నచోట అది పచ్చగా మెఱయును. పుండున్న కంటిలో స్టిరాయిడ్ చుక్కలు వేసినచో నల్లగ్రుడ్డు కరిగి కన్నే పోవచ్చును. వెనుకటిసారి మిగిలిన సీసాను అటకమీదనుండి దింపి వేయువారు ఈ మాటను గుర్తింతురుగాక!

పుండు లేదని తేలినపిమ్మట స్టిరాయిడ్ చుక్కలే ముఖ్యౌషధము. నొప్పికిని వాపునకును ఫ్లూనిక్సిన్ ఇత్తురు. అట్రోపిన్ కనుపాపను విప్పార్చి, నొప్పిని తగ్గించి, లోని తెర కటకమునకు అంటుకొనకుండ కాపాడును. అయితే అది ప్రేగుల కదలికను మందగింపజేయును. లద్దె తగ్గినను, గుఱ్ఱము కడుపువైపు చూచుకొనుచున్నను వెంటనే వైద్యునికి తెలుపవలెను. ఎండ సోకని సాల, ముఖమునకు ఈగలు వ్రాలని ముసుగు అవసరము.

కన్ను తేటపడగనే మందు మానుట సామాన్యముగా జరుగు పొరపాటు. లోపలి వాపు పైకి కనబడకయే యుండును. కావున వారములతరబడి క్రమముగా తగ్గించుచు మానవలెను. మరల మరల వచ్చు కంటికి సైక్లోస్పోరిన్ బిళ్ళను కంటిపొరల నడుమ అమర్చు పద్ధతి కలదు. లెప్టోస్పైరావలన వచ్చినచో కంటిలోని జిగురును తొలగించు శస్త్రచికిత్సను జర్మనీ వైద్యులు విశేషముగా చేయుచున్నారు. ఇంతచేసినను శుక్లము కమ్మి చూపు పోవుట కలదు. అట్టి గుఱ్ఱమును సమీపించునపుడు దూరమునుండియే పేరుపెట్టి పిలువవలెను. నీటితొట్టిని దాని చోటునుండి కదలింపరాదు.