యాడ్లు లేకుండా వీడియోలు చూడాలా? ఏ దారిలో వెళ్లాలి, ఏ దారిలో వెళ్లకూడదు

మీలో చాలామంది అడుగుతున్న టాపిక్‌తో వచ్చేశాను. "అన్నా, యూట్యూబ్‌లో యాడ్లు చూడలేకపోతున్నాం, నెలనెలా డబ్బులు కట్టలేం, ఇంకో దారి చెప్పు" అని. దారులున్నాయి. కానీ వాటిల్లో ఒకటి మాత్రం మీ బ్యాంకు అకౌంట్ మీదకే తెస్తుంది. ముందు దాని సంగతి చూసేద్దాం.

టెలిగ్రామ్ గ్రూపుల్లో "ప్రీమియం ఫ్రీ" అని ఏపీకే ఫైళ్లు తిరుగుతుంటాయి కదా, వాటిని ముట్టుకోకండి. వాన్స్‌డ్ అని ఒక యాప్ ఉండేది, గుర్తుందా? లీగల్ సమస్యలొచ్చి 2022 మార్చిలో దాన్ని తయారుచేసినవాళ్లే ఆపేశారు. ఇప్పటికీ ఎవరైనా ఆ పేరుతో ఫైల్ ఇస్తున్నారంటే, దాన్ని ఎవరు తయారుచేశారో, లోపల ఏం పెట్టారో మీకెలా తెలుస్తుంది? ఇన్‌స్టాల్ చేయగానే ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడిగిందనుకోండి. వీడియో చూపించే యాప్‌కి మీ మెసేజ్‌లతో పనేంటి? యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడిగితే ఇంకా డేంజర్. అది ఇస్తే స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు కూడా నొక్కగలదు. మీ ఫోన్‌పే, గూగుల్‌పే అదే ఫోన్‌లో ఉన్నాయి. ఓటీపీ వచ్చేదీ అక్కడికే. ఇరవై సెకన్ల యాడ్ తప్పించుకోడానికి ఇంట్లోవాళ్లు పంపిన హాస్టల్ ఫీజుని పణంగా పెడతామా?

సరే, ఇప్పుడు పనికొచ్చేవి. అన్నింటికంటే ఈజీ, బ్రౌజర్. ప్లే స్టోర్‌లో బ్రేవ్ అని ఉంటుంది. అందులో యూట్యూబ్ సైట్ ఓపెన్ చేసి చూడండి, యాడ్లు చాలావరకు వాటంతటవే ఆగిపోతాయి. "యూట్యూబ్ యాప్‌లో ఓపెన్ చేయాలా" అని అడిగితే మాత్రం వద్దనండి, లేదంటే మళ్లీ మొదటికే. ఐఫోన్ వాళ్లకీ బ్రేవ్ ఉంది. ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్ ఇష్టమైతే అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. ఫోన్‌లో ఉండే క్రోమ్‌కి ఆ సదుపాయం లేదు.

రెండోది న్యూపైప్. నాకు బాగా నచ్చింది ఇదే. దీని కోడ్ మొత్తం ఓపెన్‌గా ఉంటుంది, ఎవరైనా చదివి చూసుకోవచ్చు. జీమెయిల్ లాగిన్ అక్కర్లేదు. స్క్రీన్ ఆఫ్ చేసినా పాట ఆగదు, వీడియో డౌన్‌లోడ్ కూడా అవుతుంది. ప్లే స్టోర్‌లో దొరకదు, ఎఫ్‌-డ్రాయిడ్ నుంచి తీసుకోవాలి. దానికోసం బయటి యాప్‌లకి పర్మిషన్ ఇస్తారు కదా, పనయ్యాక అది ఆఫ్ చేసెయ్యండి. యూట్యూబ్ వాళ్లు లోపల ఏదైనా మార్చినప్పుడల్లా న్యూపైప్ మొరాయిస్తుంది. అప్‌డేట్ వచ్చేదాకా ఓపిక పట్టాల్సిందే.

ప్రైవేట్ డీఎన్ఎస్ మారిస్తే చాలు, అన్ని యాడ్లూ పోతాయని కొందరు చెప్తుంటారు. గేముల్లో, న్యూస్ సైట్లలో వచ్చే యాడ్లకి అది పనికొస్తుంది. యూట్యూబ్‌కి పనిచేయదు. ఎందుకంటే వీడియో వచ్చే చోటు నుంచే యాడ్ కూడా వస్తుంది. పేపర్ మడతలో కరపత్రం పెట్టి వేసినట్టన్నమాట. పేపర్ అబ్బాయిని గేటు దగ్గర ఆపేస్తే పేపరూ రాదు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. యాడ్ బ్లాకర్లు యూట్యూబ్ రూల్స్‌కి వ్యతిరేకం. 2023లో బ్లాకర్ వాడేవాళ్లకి వార్నింగ్ చూపించి వీడియో ఆపెయ్యడం పెద్ద ఎత్తున మొదలుపెట్టారు. కాబట్టి ఇవాళ పనిచేసింది రేపు ఆగిపోవచ్చు. ఇంకోటి, మామూలు వీడియో పేజీలో వచ్చే యాడ్ డబ్బుల్లో 55 శాతం వీడియో చేసినవాళ్లకి వెళ్తుంది. అంటే మీరు బ్లాక్ చేస్తే నాకూ ఏమీ రాదు! అయినా చెప్తున్నా, ఎందుకంటే నేను చెప్పకపోతే మీరు ఆ టెలిగ్రామ్ ఫైలే వెతుక్కుంటారు.

డబ్బులు కట్టగలిగితే తలనొప్పి లేని దారి ప్రీమియమే. 2024 ఆగస్టులో నెలకి 129 నుంచి 149 రూపాయలు చేశారు, స్టూడెంట్ ప్లాన్ 79 నుంచి 89కి పెరిగింది. ఫ్యామిలీ ప్లాన్‌ని 189 నుంచి ఏకంగా 299 చేశారు, అది మాత్రం నాకు అన్యాయమనిపించింది. అయినా ఒకే ఇంట్లో ఆరుగురు పంచుకుంటే మనిషికి 50 రూపాయలే. ప్రీమియంలో మీరు ఎవరి వీడియోలు చూస్తే వాళ్లకి అందులోంచి వాటా వెళ్తుంది.

ఇప్పటికే అలాంటి ఏపీకే వేసేసినవాళ్లు ఇప్పుడే సెట్టింగ్స్ తెరవండి. యాక్సెసిబిలిటీలోకి వెళ్లి, తెలియని యాప్ ఏదైనా ఆన్‌లో ఉంటే ముందు ఆఫ్ చేసి, తర్వాత ఆ యాప్‌ని తీసెయ్యండి. ఆ తర్వాత "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అని వెతకండి. అక్కడ టెలిగ్రామ్ పక్కన ఆన్ అని ఉంటే, దాన్ని కూడా ఆఫ్ చేసెయ్యండి.