అడుగు కనబడని నీళ్లు



మియాపూర్‌లో కాపురముండి హైటెక్ సిటీలో పనిచేసే యౌవనస్థులు కొందరు ఈమధ్య ట్రయాథ్లాన్‌కు సిద్ధపడుచున్నారు. ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకే పూట! గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 పోటీలో సముద్రములో 1.9 కిలోమీటర్లు ఈదాలి. 50 మీటర్ల కొలనులో అయితే ఆ చివరనుండి ఈ చివరకు 38 సార్లు. కొలనులో అవలీలగా ఈదినవాడే సముద్రములో ఊపిరాడక నిలిచిపోతాడు. ఎందుచేత? అడుగున గీత లేదు, పట్టుకొనుటకు గోడ లేదు, కాలికి నేల తగలదు. ప్రక్కవారి కాళ్లు చేతులు మీద పడతాయి. భయపడకూడదని తన్ను తాను గద్దించుకొనేకొద్దీ గుండె మరింత కొట్టుకొంటుంది.

పేతురును చూడండి. గలిలయ సముద్రమును ఎరిగిన జాలరి. యోహాను సువార్త 21వ అధ్యాయములో దోనెలోనుండి నీళ్లలో దూకినాడు. దరి ఇన్నూరు మూరల దూరము, అనగా సుమారు 90 మీటర్లు. ఆ పేతురే మత్తయి 14వ అధ్యాయములో గాలిని చూచి మునగసాగాడు. నీళ్లు కొత్తయి కాదు సుమా! అప్పుడతడు పెట్టిన కేక ఎంత చిన్నదో గమనించండి. పడవలోనివారు చూస్తున్నారని సిగ్గుపడి ఊరకుండలేదు.

నీళ్లలో సిగ్గు ప్రాణము తీస్తుంది. చెయ్యి పైకెత్తితే కయాక్ మీదనున్న రక్షకులు వస్తారు. దాన్ని పట్టుకొని అలుపు తీర్చుకోవచ్చును. దానితో ముందుకు సాగనంతవరకు పోటీనుండి తొలగించరు. దరిని మీ ఇంటివారు నిలిచియున్నారని మరువవద్దు.

హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల గారు నలభై దాటాక, నీటిభయము పోగొట్టుకొనుటకే ఈత నేర్చుకొన్నారు. 2021 మార్చిలో శ్రీలంకకు, రామేశ్వరానికి మధ్యనున్న పాక్ జలసంధిని, సుమారు 30 కిలోమీటర్లు, ఈది దాటారు. భయము పోయేదాకా గట్టుమీద కూర్చొని ఉంటే ఆ దినము వచ్చేదా?

మరి మీరేమి చేయాలి? సముద్రములో మొదటిసారి దిగేది పోటీనాడు కాకూడదు. ఒంటరిగా దిగవద్దు. మన చుట్టుప్రక్కల చెరువుల్లో అసలే వద్దు, ఆ మురుగు సంగతి మీకు తెలిసినదే. నడుము లోతులో నిలిచి, ముఖము ముంచి, నీటిలో నెమ్మదిగా ఊపిరి వదలండి. చాలామంది పీల్చుటకే ఆత్రపడతారు గాని వదలరు. ఆయాసము అక్కడే మొదలవుతుంది. ఉలికిపాటు కలిగితే వెల్లకిలా తేలండి. సాధారణముగా ఒకటి రెండు నిమిషాల్లో శ్వాస కుదుటపడుతుంది. రొమ్ములో నొప్పి వస్తే మాత్రము భయమేలే అని సరిపెట్టుకొనక, చెయ్యి ఎత్తి బయటికి రండి, వైద్యునికి చూపించుకొనండి.

పోటీనాడు వెనుక వరుసలో, ఒక ప్రక్కగా నిలువండి. తొందరగలవారిని ముందు పోనివ్వండి. మీకు పోయేది కొద్ది క్షణాలే.