గోటితో పోయేది గొడ్డలి దాకా



పిల్లవాడికి జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తుతాం. పన్ను పుచ్చితే మాత్రం పట్టించుకోం. అందులోనూ ఆడవాళ్లు తమ నొప్పిని పంటి బిగువున దాచుకుంటారు. ఒక లవంగం నొక్కిపెట్టి పనికి పోతారు. "నా పంటికి డబ్బు దండగెందుకు?" అంటారు. డబ్బు మిగిలిందనుకుంటారు. నిజంగా మిగులుతుందా?

పన్ను ఎలా పుచ్చుతుందో చూద్దాం. నోట్లో కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉంటాయి. మనం తిన్న తీపిని అవి యాసిడ్‌గా మారుస్తాయి. ఆ యాసిడ్ పంటి మీది గట్టి పొరను కొంచెం కొంచెంగా తినేస్తుంది. మొదట్లో నొప్పి ఉండదు. చిన్న మచ్చో, చిన్న గుంటో కనిపిస్తుంది. అప్పుడే పోతే డాక్టరు శుభ్రం చేసి సిమెంటు పెడతారు. చాలావరకు ఒక్కరోజు పని.

ఆలస్యం చేస్తే పుచ్చు లోపలి నరం దాకా పోతుంది. నొప్పి బిళ్ల మింగితే నొప్పి తగ్గుతుంది. పుచ్చు తగ్గదు. అప్పుడు రూట్ కెనాల్ చేసి, పైన తొడుగు వెయ్యాలి. మూడు నాలుగుసార్లు తిరగాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక అక్క రోజు కూలి 300 రూపాయలు అనుకుందాం. ఆటోకు రానూపోనూ 60. సిమెంటుకు 800. మొదట్లోనే పోతే అంతా కలిపి 1,160 రూపాయలు.

ఆమె పోలేదు. ఏడాది ఓర్చుకుంది. రూట్ కెనాల్‌కు, తొడుగుకు 5,000 అడిగారనుకుందాం. చేతిలో డబ్బు లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చింది. నెలకు వడ్డీ 150. ఏడాదికి 1,800. నాలుగు రోజుల కూలి పోయింది. అది 1,200. ఆటోకు 240. మొత్తం 8,240 రూపాయలు. ఏడింతలు పెరిగింది! డాక్టరుకు ఇచ్చిందే ఖర్చు కాదు. పోయిన కూలీ ఖర్చే. వడ్డీ కూడా ఖర్చే.

మరి ఏం చెయ్యాలి?

నెలకొకసారి వెలుతురులో ఇంటిల్లిపాది పళ్లూ చూడండి. మీవి కూడా అద్దంలో చూసుకోండి. పిల్లలకు ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనక ఒక దవడపన్ను వస్తుంది. అది పాలపన్ను కాదు. పోతే మళ్లీ రాదు.

ఉదయం, రాత్రి పడుకోబోయే ముందు పళ్లు తోముకోండి. ఇటుక పొడి, పొగాకు పొడి వాడొద్దు.

జిల్లా ఆసుపత్రిలో పళ్ల డాక్టరును అడగండి. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడా చూపించుకోవచ్చు.

ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోతే ముందే అడగండి. "ఏం చేస్తారు? ఎన్నిసార్లు రావాలి? మొత్తం ఎంత?" జవాబును కాగితం మీద రాయించుకోండి. ఇంటికొచ్చి చదవండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. అప్పు తప్పదంటే పొదుపు సంఘంలో ముందు అడగండి. రెండు చోట్లా వడ్డీ లెక్క వేసి చూడండి.

ఇంటికి డబ్బు మిగలాలని అక్కలు నొప్పి ఓర్చుకుంటారు. ఆ ఓర్పే అప్పు తెస్తుంది. ఈ రాత్రే దీపం దగ్గర అద్దం పట్టుకోండి. మొదట మీ పళ్లే చూసుకోండి.