అడిగి తీసుకున్నారా?



ఈ ఏడాది మా చదువు కూడికలో ఏం చేశామో చెప్పమని కార్యదర్శిగారు పురమాయించారు. అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలలో ఒక మంచి పద్ధతి ఉన్నది. ఏడాదికొక పుస్తకం ఎంచుకొని విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఊరివాళ్లు అందరూ అదే చదువుతారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 2010లో ఎంచుకున్నది హెన్రియెట్టా లాక్స్ గురించి రెబెక్కా స్క్లూట్ రాసిన పుస్తకం. మేమూ దాన్నే పట్టుకున్నాం. ఆదివారం సాయంత్రాలు మారేడ్‌పల్లిలో ఒకరింటి వరండాలో కూర్చునేవాళ్లం. కాలేజీ పిల్లలు ఇంగ్లీషులో చదివి తెలుగులో చెబితే, దాన్ని పెద్దవాళ్లకు మళ్లీ ఉర్దూలో చెప్పుకున్నాం. చాయ్ ఖర్చు పుస్తకం ధరను ఎప్పుడో దాటిపోయిందనుకోండి!

హెన్రియెట్టా నల్లజాతి ఇల్లాలు, పొగాకు చేలలో పనిచేసిన కుటుంబం. 1951లో గర్భాశయ ముఖద్వార క్యాన్సరుతో బాల్టిమోరులోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రికి వెళ్లింది. ఆ రోజుల్లో అక్కడ నల్లవారికి వార్డు వేరు. వైద్యం చేస్తూ, ఆమెతో ఒక్క మాటైనా చెప్పకుండా కణితి ముక్క తీసి ప్రయోగశాలకు పంపారు. అదే ఏడు అక్టోబరు 4న, 31 ఏళ్లకే ఆమె చనిపోయింది. కణాలు మాత్రం చావలేదు, సీసాల్లో పెరుగుతూనే వచ్చాయి. పోలియో టీకాను పరీక్షించడానికి అవే అక్కరకొచ్చాయి. కంపెనీలు వాటిని అమ్ముకున్నాయి. ఇంట్లోవాళ్లకు ఇరవై ఏళ్లకు పైగా ఈ సంగతే తెలియదు. లోకానికి చాలాకాలం ఆమె అసలు పేరు కూడా తెలియలేదు, హెలెన్ లేన్ అని చెప్పుకునేవారు. వారసులతో ఒక పెద్ద కంపెనీ రాజీకి వచ్చింది 2023లో!

ఇంతవరకు విని మాలో ఒక ఖాలా అడిగింది: "అమెరికా సంగతి సరే బేటా, మన దగ్గర ఇట్లాంటివి జరగలేదా?"

జరగకేం. మనకు బేగంపేట ఎంత దూరం? 1897లో రొనాల్డ్ రాస్ అక్కడ మలేరియా గుట్టు విప్పాడని బడిలో చదువుకున్నాం. ఆయన దోమలు కుట్టింది ఎవరినో మాత్రం చదవలేదు. ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే రోగి ఒంటిమీద పది దోమలను వదిలి, దోమకు ఒక అణా చొప్పున పది అణాలు ఇచ్చాడు. 20వ తేదీన ఆ దోమల్లో ఒకదాన్ని కోసి చూస్తే దాని కడుపు గోడలో మలేరియా క్రిమి జాడ దొరికింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానం వచ్చింది.

ఇక్కడ మాలో పెద్ద వాదమే లేచింది. హుస్సేన్ ఖాన్‌కు అప్పటికే మలేరియా ఉన్నది, కాబట్టి దోమల వల్ల కొత్తగా వచ్చిన ముప్పు తక్కువే. రాస్ అతని పేరు దాచలేదు, కాగితం మీద రాసుకున్నాడు కాబట్టే ఇవాళ మనకు తెలిసింది. పాపం, హెన్రియెట్టాకు అదీ దక్కలేదు. కానీ జ్వరంతో పడి ఉన్న పేదవాడు తెల్ల సైన్యపు డాక్టరుకు వద్దని చెప్పగలడా? దీనిమీద రెండు ఆదివారాలు గడిచాయి, ఒప్పందం కుదరలేదు.

మూడోది ఇంకా దగ్గరిది. హెన్రియెట్టా కణాలలోనే ఆ క్యాన్సరుకు కారణమైన వైరసు ఒకటి 1984 ప్రాంతంలో బయటపడింది. ఆ పరిశోధనల మీదనే తర్వాత టీకా తయారైంది. 2009 జులైలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల లోపు ఆడపిల్లలు సుమారు 14,000 మందికి ఆ టీకా వేయించాయి. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. ఇలాంటి కార్యక్రమమే గుజరాత్‌లోనూ నడిచింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలినది వేరే. పరిశీలించిన 9,543 అనుమతి పత్రాలలో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టలు వార్డెన్ల సంతకాలు! తల్లిదండ్రులు ఊళ్లో ఉండగా వార్డెను సంతకం ఏమిటి? 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ టీకా మంచిదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినదే. మన ఇళ్లలో ఆడపిల్లలకు వేయించమనే మేము చెబుతున్నాం. మా తగాదా సూదితో కాదు, ఆ కాగితంతో.

కాగితమంటే గుర్తుకొచ్చింది. నిరుడు మన ఖాలాకు కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. ఆసుపత్రి పేరు ఎందుకులెండి. ఇంగ్లీషు ఫారం తెచ్చి వేలు పెట్టి చూపిస్తే, కొడుకు చదవకుండానే ఐదు చోట్ల సంతకాలు పెట్టేశాడు. ఖాలాను ఎవరూ అడగలేదు, కళ్లు ఆమెవే అయినా. ఈ ఏడాది రెండో కన్ను. ఈసారి ఖాలా పెన్ను ఎవరికీ ఇవ్వలేదు. "ఇందులో ఏం రాసుందో మొదట చెప్పండి డాక్టర్ సాబ్" అన్నదట. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, పది నిమిషాలు ఉర్దూలోనే అంతా విడమరిచి చెప్పారు. అప్పుడు ఖాలా తన చేత్తోనే, కాస్త వంకరగానే అనుకోండి, పేరు రాసింది.