మూడో బెడ్డు కేసు



‘కేసు’ అనగానే మన ఇళ్లలో పోలీస్‌ స్టేషనో, కోర్టో గుర్తుకొస్తుంది. యువ వైద్యులైన మీకు వార్డు గుర్తుకొస్తుంది. ‘మూడో బెడ్డు డెంగీ కేసు ఎలా ఉంది?’ అని సీనియర్లు అడగ్గా జవాబు చెప్పినవాళ్లే మీరంతా. ఆ ‘కేసు’కు ‘స్టడీ’ తోడైతే బాధ్యత పెరుగుతుంది. నాలుగు ఫొటోలు, రెండు గ్రాఫులు పెట్టిన ప్రతి విజయగాథనూ కేస్‌ స్టడీ అనేస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది. ఒక్క మనిషినో, ఒక్క ఊరినో, ఒక్క సంఘటననో తీసుకుని, దాని చుట్టూ ఉన్న పరిస్థితులతో సహా ఓపికగా, లోతుగా చూడటం కేస్‌ స్టడీ.

అలాంటి కేస్‌ స్టడీ ఒకటి చెబుతాను. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో 27 ఏళ్ల యువకుడికి మూర్ఛ తగ్గాలని మెదడుకు ఆపరేషన్‌ చేశారు. రెండు వైపులా హిప్పోకాంపస్‌ అనే భాగాన్ని చాలావరకు తీసేశారు. మూర్ఛ తగ్గింది. కానీ ఆ తర్వాత జరిగినదేదీ అతని మనసులో నిలవలేదు. బ్రెండా మిల్నర్‌ అనే శాస్త్రవేత్త అతనికి పెన్సిల్‌ ఇచ్చి, అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ అంచు వెంబడి గీయమన్నారు. మొదట్లో గీత ఎటో పోయింది. మూడు రోజుల్లో చెయ్యి కుదిరింది. ఆ మూడో రోజు కూడా, ఆ పని అంతకుముందు చేసినట్టే అతనికి గుర్తు లేదు! మనిషి మరిచిపోయినది చేతికి గుర్తుంది. జ్ఞాపకాలన్నీ ఒకే రకం కావని వైద్యలోకానికి అలా తెలిసొచ్చింది.

వెయ్యి మంది చేత ఫారాలు నింపిస్తే ఇది దొరికేదా? అలాగని ఒక్క రోగిని చూసి, నూటికి ఎందరికి ఇలా అవుతుందో చెప్పలేం. ఆ లెక్కకు సర్వేనే కావాలి.

1957 నుంచి వైద్య పత్రాల్లో ఆ యువకుడు ‘హెచ్‌.ఎం.’ మాత్రమే. హెన్రీ మొలైసన్‌ అన్న పేరు 2008లో ఆయన పోయాకే లోకానికి తెలిసింది. పేరు దాచడం సబబే. అన్నేళ్లు పరీక్షించిన మిల్నర్‌ ఎప్పుడు ఎదురైనా ఆయనకు కొత్త మనిషే. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నా గొంతు పట్టేస్తుంది.

రేపు డ్యూటీలో చేరాక, మీ రోగినీ అలాగే చుట్టూ ఉన్న పరిస్థితులతో సహా చూడండి. మూడో బెడ్డు డెంగీ రోగి ఏ ఊరికి కూలికి వెళ్లొచ్చాడో, ఇంటి ముందు నీళ్ల డ్రమ్ముకు మూత ఉందో లేదో అడగండి. కేస్‌ షీట్‌లో ఆ రెండు ముక్కలు కూడా రాయండి.